రెండు రంగుల చేతులు

మొన్న ఆదివారం ఆత్మకూరు బస్టాండుకు అవతల కొత్తగా పెట్టిన బ్యూటీ పార్లర్‌లో నేను కుర్చీలో కూర్చోగానే, అక్కడ పనిచేసే అమ్మాయి మైనం కాగుతున్న గిన్నె మీద మూత తీసింది. బెల్లం పాకం ఒక్క నిమిషం ఎక్కువసేపు పొయ్యి మీద ఉండిపోతే వచ్చే వాసన లాంటిది గదంతా నిండింది. అంతే, నేను ఏమీ అనుకోకముందే నా చేతులు రెండూ చున్నీ కిందికి వెళ్లి దాక్కున్నాయి. అక్క కూతురికి చెవులు కుట్టిస్తున్నారు, చుట్టాలందరూ వస్తారు, ఈసారైనా కాస్త తయారై రమ్మని అక్క పదేపదే ఫోన్ చేసి పంపించింది కానీ, లేకపోతే ఆ వాసన వచ్చే వీధిలోకి కూడా నేను పోయేదాన్ని కాదు.

ఆ అమ్మాయి నా చేతులు బయటికి తీసి, పౌడరు చల్లుతూ, "ఈ మధ్య ఎండలో ఏమన్నా తిరిగినారా అక్కా?" అని అడిగింది. వాళ్లకది వచ్చినవాళ్లందరినీ అడిగే మామూలు మాట. నాకు మాత్రం కాదు. చాలా ఏళ్ల కింద, ఇదే ఊళ్లో, ఇలాంటి కుర్చీలోనే కూర్చున్నప్పుడు ఎవరైనా నన్ను ఈ ఒక్క మాట అడిగి ఉంటే, మా ఇంట్లో ఆ గురువారం అలా గడిచేది కాదు.

నేను డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వచ్చిన ఎండాకాలం అది. నా వయసు ఆడపిల్లలకు గుర్తుండే ఉంటుంది, పట్నంలో చదివే పిల్లలు కనుబొమలు తీయించుకొని ఊరికి వస్తే ఇంట్లో పెద్దవాళ్లు మొహంలోకి వింతగా చూసే రోజులు. మా ఇల్లు ఉదయగిరి కొండ కింద, బస్సు దిగి కొంత దూరం నడవాల్సిన పల్లెలో. మాకు పొలం తక్కువ, జీవాలు ఎక్కువ. గొర్రెలూ మేకలూ కలిపి పెద్ద మందే ఉండేది. ఆ ఏడు నాయన కాలికి దొడ్డి కంచె గుచ్చుకొని పుండు పడి నడవలేకపోతే, సెలవులకు వచ్చిన నేనూ అవ్వా మందను తోలుకొని పోయేవాళ్లం. అక్క ఇంట్లోనే మిషను మీద రవికలు కుట్టేది కాబట్టి ఆమెకు నీడ పట్టున ఉండే పని, నాకు ఎండన పడే పని. నాకదే ఇష్టం కూడా. మనుషుల మధ్య కూర్చొని మాట్లాడాలంటే నాకు చేతకాదు. జీవాలు ఏమీ అడగవు. నడిపొద్దున అవి తుమ్మచెట్టు కింద తలలు ఒకదాని పొట్ట కింద ఒకటి దూర్చుకొని నిలబడితే, నేను ఆ చారెడు నీడలో తల మాత్రం పెట్టి, చేతులు చాపి పుస్తకం పట్టుకొని చదువుకునేదాన్ని. తలకు నీడ, పుస్తకానికి వెలుతురు, చేతులకు ఎండ. అలా వేసవి నడిచేసరికి నా చేతులు మోచేతి పైదాకా కాగిన ఇనుప పెనం రంగుకు వచ్చాయి. చొక్కా చేతి అంచు దగ్గర గీత గీసినట్టు ఆగి, అక్కడినుంచి పైకి నా అసలు రంగు. ఎడమచేతి మణికట్టు చుట్టూ కూడా ఒక తెల్లని పట్టీ ఉండేది. ఇంటరు పాసైనప్పుడు నాయన కొనిచ్చిన గడియారం నేను నిద్రలో తప్ప తీసేదాన్ని కాదు.

అప్పుడే అక్కకు సంబంధం కుదిరింది. అబ్బాయిది సంగం దగ్గర ఊరు, కాలవ కింద వరి పండించే కుటుంబం. అక్క ఆ అబ్బాయి ఫొటోను ఫోనులో దాచుకొని, మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగి చూసుకోవడం నేను గమనించాను కానీ గమనించినట్టు కనబడలేదు. మొదట పెట్టుకున్న నిశ్చితార్థం మా వైపు పెద్దాయన ఒకరు పోయి మైల రావడంతో ఆగిపోయింది. రెండోసారి ఒక శుక్రవారానికి ముహూర్తం పెట్టారు. అది దాటితే మూఢం. అబ్బాయి తల్లి, మధ్యలో మాటలు నడిపిన మా మామయ్యతో, రెండుసార్లు అడ్డం వచ్చిన సంబంధం మాకు మనసొప్పదు అని ముందే చెప్పి పంపింది. ఆమె కోపంగా చెప్పలేదట, మెల్లగానే చెప్పిందట. అందుకే మా ఇంట్లో అందరికీ ఇంకా భయం వేసింది.

ఆత్మకూరులో ఉండే పిన్ని బుధవారం నాడు మా ఇద్దరినీ రమ్మంది. పెళ్లికూతురు చేతులకు వ్యాక్సింగ్ చేయించాలి, చిన్నదానికి కూడా చేయిద్దాం, దాని చేతులు చూస్తే బొగ్గు మూటలు మోసినదాని చేతుల్లా ఉన్నాయి అని అమ్మతో ఫోనులో చెప్పింది. అమ్మ సరేనంది. అవ్వ మాత్రం గడప మీద కూర్చొని వక్క కొరుకుతూ, "కోడికి ఈకలు పీకినట్టు పీకించుకునేదానికి బస్సెక్కి పోతా ఉండారా మే?" అని అడిగింది. అక్క నవ్వింది. నేను నవ్వలేదు. నొప్పి పెడుతుందేమోనని అప్పటికే నాకు భయం.

పార్లర్‌లో పిన్ని పక్కనే కూర్చుంది, ముందు అక్కకు చేశారు. మైనం పూయడం, బట్ట పట్టీ అద్దడం, సర్రున లాగడం. అక్క పెదవి కొరుక్కుంది, అయిపోయింది, చేతులు పట్టు గుడ్డలా నున్నగా వచ్చాయి. తర్వాత నా వంతు. మొదటి పట్టీ లాగినప్పుడే నాకు కళ్ల ముందు చుక్కలు కనబడ్డాయి. వెంట్రుక సరిగా రాలేదని పార్లర్ ఆమె అదే చోట మళ్లీ మైనం పూసింది, మళ్లీ లాగింది. పట్టీ తిప్పి చూపించింది. దాని మీద వెంట్రుకలతో పాటు సన్నని గోధుమరంగు పొరలా ఏదో అంటుకొని ఉంది. "చూడండి మేడమ్, టాన్ అంతా ఎట్లా లేచొస్తా ఉందో!" అంది ఆమె గర్వంగా. పిన్ని ముఖం వెలిగిపోయింది. వెంట్రుకలూ పోతాయి, నలుపూ పోతుంది, ఒక దెబ్బకు రెండు పనులు అయిపోతున్నాయని సంబరపడి, పైదాకా చేయమంది, గడియారం తీయించి మణికట్టు కిందిదాకా చేయమంది. ఎండ చేసిన నలుపు పైపైన పట్టిన మట్టి లాంటిదని, గట్టిగా లాగితే ఊడి వస్తుందని మేమందరం అనుకున్నాం. లేచి వస్తున్నది నా చర్మమే అని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. అద్దంలో చేతులు ఎర్రగా, తేలికగా, వేరే ఎవరి చేతుల్లాగో కనబడితే, నొప్పిలో కూడా నాకు కొంచెం సంతోషం వేసిందని దాచుకోకుండా చెప్పాలి.

తిరుగు బస్సు ఆత్మకూరు దగ్గరి దర్గాకు పోయివచ్చే జనంతో కిక్కిరిసి ఉంది. నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. సాయంత్రపు ఎండ దారి పొడుగునా నా చేతుల మీదే పడింది. చున్నీ కప్పుకుంటే రాసుకొని మంట, తీస్తే ఎండ మంట. కొండ కనబడే వేళకు నా చేతులు నావి కావు, ఎవరో పొయ్యిలోంచి తీసి నా ఒళ్లో పెట్టిన వస్తువుల్లా ఉన్నాయి. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పకుండా పడుకున్నాను. రేపటికి తగ్గిపోతుందిలే అనుకున్నాను.

తెల్లవారి పెరట్లో మొహం కడుక్కుంటూ చేతులు చూసుకున్నాను. మణికట్టు నుంచి మోచేయి దాటేదాకా ఎర్రని పొక్కులు. కొన్నింటి తలల మీద నీటి చుక్క మెరుస్తోంది. కొన్నిచోట్ల చర్మం ఉల్లిపొరలా లేచి ఉంది. ఒళ్లు వెచ్చగా, తల దిమ్ముగా ఉంది. నేను అరవలేదు, నాకు అరవడం రాదు. చెంబు జారి బండ మీద పడింది. ఆ చప్పుడుకు అవ్వ వచ్చింది.

అవ్వ నా చేతులు చూసింది. నుదురు ముట్టుకుంది. తర్వాత ఆమె మొహంలో వచ్చిన మార్పు నేను ఇప్పటికీ కళ్లు మూసుకుంటే చూడగలను. ఆమె తిట్టలేదు, అడగలేదు, రెండు అడుగులు వెనక్కి వేసి నాకు చేతులెత్తి దండం పెట్టింది. నాకు కాదు, నా ఒంటి మీదికి వచ్చింది అని ఆమె అనుకున్న అమ్మవారికి. "వచ్చినావా తల్లీ," అంది మెల్లగా. "చల్లగా ఉండు తల్లీ."

ఆటలమ్మ పోసిన ఇళ్లు చూసినవాళ్లకు ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు. చూస్తుండగానే మా వాకిలికి వేపమండలు వచ్చాయి. నన్ను లోపలి గదిలో తెల్లబట్ట పరిచి, దాని మీద వేపాకు చల్లి పడుకోబెట్టారు. తల దువ్వకూడదు, నీళ్లు పోసుకోకూడదు, నా పేరు పెట్టి గట్టిగా పిలవకూడదు. వంటింట్లో అమ్మ, శుక్రవారం వచ్చేవాళ్ల కోసం చక్రాలు వత్తుతోంది. నూనె కాగుతోంది. ఇంట్లో తల్లి ఉండగా నూనె కాగకూడదు, తాలింపు చిటపట వినబడకూడదు. అవ్వ వెళ్లి బాండలి దించేసింది. సగం వేగిన చక్రాలు నూనెలోనే మెత్తబడిపోయాయి. నాయన ఉదయగిరి నుంచి డాక్టరును పిలిపిస్తానన్నాడు. తల్లి వచ్చిన ఒంటికి సూది మందా అని అవ్వ ఆయన నోరు మూయించింది.

అక్క ఊరుకోలేదు. గడప అవతల నిలబడి, ఏడుపు గొంతుతో, "అవ్వా, అది అమ్మోరు కాదు. నిన్న మైనం పీకినందుకు వచ్చిన మంట" అంది.

"నీకు పీకలేదా మే ఆ మైనం?" అంది అవ్వ.

"పీకినారు."

"ఒకటే గిన్నెలోది గదా?"

"అవును."

"మరి నీ చేతులు ఎందుకు ఎన్నముద్దల్లా ఉండాయి?"

అక్క తన చేతులు తిప్పి చూసుకుంది. పక్కింటి పెద్దమ్మ గుమ్మం బయటినుంచే తొంగి చూసి, మొదట చేతుల మీద కనబడి తర్వాత రొమ్ము మీదికి, మొహం మీదికి దిగడం తను చాలామందిలో చూశానని చెప్పి, తన మనవణ్ణి చంకనేసుకొని గబగబా వెళ్లిపోయింది. ఆ మాట తర్వాత నాకు ఇంక ధైర్యం నిలవలేదు. ఇన్ని పుస్తకాలు చదివినదాన్ని, మైనానికి చర్మం పాడవుతుందని నాకు తెలియదా అని మీరనుకోవచ్చు. కానీ చీకటి గదిలో వేపాకు మీద పడుకొని, ఒళ్లు కాలుతూ ఉంటే, కన్నతల్లి కూడా గడప దాటి లోపలికి రాకుండా గ్లాసుతో మజ్జిగ నేల మీద పెట్టి జరుపుతుంటే, చదివినదేదీ గుర్తురాదు. ఒకే మైనం, ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకరికే పొక్కులు. అవ్వ అడిగిందే నిజమనిపించింది.

నాకు ఎన్ని రకాలుగా భయం వేసిందో ఆ రోజు డైరీలో రాయాలని మధ్యలో పెన్ను పట్టుకున్నాను. వేళ్లు ముడుచుకోక పెన్ను జారిపోయింది. మొహమంతా గుంటలు పడిన ఒకామె మా కాలేజీ ఆఫీసులో ఉండేది. ఆమె ఎప్పుడూ గోడ వైపు తిరిగి మాట్లాడేది, నాకు ఆమే గుర్తొస్తూ ఉంది. పదేపదే చొక్కా మెడ కిందికి లాగి రొమ్ము మీదికి ఏమైనా దిగిందా అని చూసుకుంటున్నాను. ప్రతి చెమట చుక్కా పొక్కులాగే తోస్తోంది. వీటన్నిటికంటే పెద్ద భయం గోడ అవతల ఉంది. అక్కడ అక్క మిషను ముందు కూర్చొని, కుట్టకుండా, ఖాళీగా చక్రం తిప్పుతోంది. ఆ చప్పుడు నాకు వినబడుతోంది. తల్లి ఉన్న ఇంట్లో నిశ్చితార్థం జరగదు. రేపు జరగకపోతే ఇంక జరగదు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు, ఎప్పటికీ అనదు. కానీ ఆమె ఎప్పుడు నా చేతులు చూసినా ఆ అబ్బాయి గుర్తుకు వస్తాడు అనిపించింది. ఆ ఆలోచనకు నేను దుప్పటి నోట్లో కుక్కుకున్నాను.

మధ్యాహ్నం దాటాక బయట వసారాలో మాటలు మొదలయ్యాయి. అమ్మ ఏడుస్తోంది. నాయన, సంగం వాళ్లు రేపు పొద్దున్నే వ్యాను మాట్లాడుకొని బయల్దేరతారు, చెప్పేదేదో ఇప్పుడే చెప్పాలి, దాచి పిలిస్తే పాపం, చంటిపిల్లలుంటారు వాళ్లలో అంటున్నాడు. మామయ్యకు ఫోను చేసి ఆయన చేత చెప్పిద్దాం అంటున్నాడు. నాయన నంబరు నొక్కే ముందు కళ్లద్దాల కోసం వెతికే మనిషి. కళ్లద్దాలు ఎక్కడ పెట్టానని అడుగుతున్నాడు. ఇంకెంతసేపు ఉందో అని, ఉరికంబం ఎక్కేవాడికి గంట ఎంతైందో తెలుసుకోవాలని ఉంటుందేమో అలాగ, నేను సంచిలోంచి గడియారం తీశాను. పార్లర్‌లో తీసి అందులో వేసిందే. తీయగానే అలవాటుకొద్దీ మణికట్టుకు చుట్టి బకిలీ పెట్టేశాను.

పెట్టాక ఉలిక్కిపడ్డాను. ఆ చేతికి బట్ట తగిలితేనే ప్రాణం పోతోంది, తోలు పట్టీ బిగించాను, నొప్పి లేదు.

పట్టీ తీసి, గదిలో ఒకే ఒక వెలుతురు చీలిక తలుపు సందులోంచి పడుతుంటే అక్కడికి చెయ్యి జరిపి చూశాను. మణికట్టు చుట్టూ, పట్టీ ఎంత వెడల్పో అంత వెడల్పున, చర్మం నున్నగా, అక్క చెయ్యిలా ఉంది. దానికి కిందా పైనా పొక్కులే. చొక్కా చెయ్యి పైకి తోశాను. పొక్కులు మోచేతి పైన, ఎండ ఆగిన గీత దగ్గర ఆగిపోయాయి. గీతకు పైన కూడా మైనం పూశారు, పైన కూడా లాగారు, అక్కడ ఏమీ లేదు. రెండో చెయ్యీ అంతే. అక్క చేతులకు ఎండ తగల్లేదు. నా చేతుల్లోనూ ఎండ తగలని చోట అక్క చేతుల్లాగే ఉంది.

ఇప్పుడు చెబుతుంటే ఇది చిన్న సంగతిలా ఉంటుంది. కానీ నాకు అప్పుడు పట్టుకున్న వణుకు రోగం భయం కంటే పెద్దది. ఎందుకంటే ఇది బయటికి వెళ్లి చెప్పాలి. పెద్దవాళ్ల ముందు నిలబడి, అవ్వ మాటకు ఎదురు, అదీ అమ్మవారి సంగతిలో. నేను చుట్టాలు వస్తే నీళ్లు ఇచ్చి తలుపు వెనక్కి పోయే పిల్లను. పైగా తల్లి ఉన్నంతవరకు గడప దాటకూడదు. ఒకవేళ నేను చూసింది తప్పై, నిజంగానే తల్లి అయితే, నా వల్ల ఇంటిల్లిపాదికీ అంటుకుంటే? తలుపు గొళ్లెం మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను. అప్పుడు నాయన గొంతు, "ఆఁ, బావా, నేనే. ఒక మాట చెప్పాలని..." అని వినబడింది.

"నాయనా, ఫోను పెట్టెయ్!" అని ఎవరో అరిచారు. అది నేనే అని తలుపు తెరుచుకున్నాక తెలిసింది.

"లోపలికి పో మే! తల్లితో బయటికొస్తావా!" అవ్వ చేతులు అడ్డం పెట్టి లేచింది. అమ్మ తల కొట్టుకుంది. నేను ఏడుస్తూ, మాటలు ముద్దముద్దగా, గడియారం పెట్టి చూపించి, తీసి చూపించి, చొక్కా చెయ్యి భుజం దాకా లాగి, "ఇక్కడ లేదు అవ్వా, చూడు, ఎండ పడని చోట లేదు" అని మాత్రం చెప్పగలిగాను. నాయన సిగ్గుపడి మొహం పక్కకు తిప్పుకున్నాడు, ఫోను అలాగే చెవి దగ్గర పట్టుకొని.

అవ్వ నా చెయ్యి పట్టుకొని వసారా అంచుకు, ఎండ వెలుతురులోకి లాక్కుపోయింది. తన బొటనవేలు గడియారం చోట పెట్టి నొక్కింది.

"ఈడ నొస్తా ఉండాదా?"

"లేదు."

వేలు కొంచెం పైకి జరిపింది. నేను ఎగిరిపడ్డాను. గీత పైన నొక్కింది, ఏమీ లేదు. గీత కింద నొక్కింది, మళ్లీ ఎగిరిపడ్డాను. రెండో చెయ్యి కూడా అలాగే చూసింది. చొక్కా మెడలోకి చూసింది, వీపు చూసింది. అక్కను పిలిచి ఆమె చెయ్యి నా చెయ్యి పక్కన పెట్టి చూసింది.

"మా తల్లి ఒంటి మీదికొస్తే," అంది అవ్వ చివరికి, ఎవరినో కోప్పడుతున్నట్టు, "గడియారం పెట్టుకునే తావు వదిలిపెట్టి, చొక్కా కుట్టు కాడ గీత గీసుకొని నిలబడిపోద్దా? ఇది ఆమె పని కాదు. ఎండకు మాడిన చేతుల్ని తీసకపోయి పీకించుకొచ్చినారు, మళ్లా ఎండలోనే తెచ్చినారు. ఒళ్లు ఊరుకుంటాదా?" అని, అమ్మ వైపు తిరిగి, "ఏంది ఇంకా చూస్తా ఉండావు, బాండలి పొయ్యి మీద పెట్టు పో" అంది.

ఫోనులో మామయ్య అటునుంచి ఏమైంది బావా, ఏమైంది అని అరుస్తున్నాడు. నాయన గొంతు సవరించుకొని, "ఏం లేదు బావా, రేపు వాళ్లు ఎన్ని గంటలకు బయల్దేరతారో కనుక్కుందామని" అన్నాడు. అక్క నన్ను పట్టుకోవడానికి వచ్చి, ఎక్కడ పట్టుకున్నా నాకు మంటేనని గుర్తొచ్చి, నా తల పట్టుకొని ఏడ్చింది.

అవ్వ మాత్రం పూర్తిగా నిశ్చింతగా లేదు. అనవసరంగా తల్లి పేరు తలిచి, వేపమండలు కట్టి, మళ్లీ విప్పుకున్నాం కదా, ఆమె మనసులో పెట్టుకుంటుందేమోనని పసుపు బట్టలో ముడుపు కట్టి దూలానికి వేలాడదీసింది. ఆ వారమే నన్ను దర్గాకు తీసుకుపోయి దడుపు తాయెత్తు కూడా కట్టించింది. నేను నవ్వలేదు. మరుసటి పొద్దున లేవగానే ముందు నా రొమ్ము చూసుకున్నదాన్ని నేనే కదా.

శుక్రవారం ఆ మండుటెండలో నేను నిండు చేతుల రవిక వేసుకొని తిరిగాను. అక్కే అప్పటికప్పుడు తన మెత్తటి బట్టతో కుట్టి ఇచ్చింది. వచ్చిన ఆడవాళ్లకు గంధం పూయడం చిన్నపిల్లనని నాకే అప్పగించారు. అబ్బాయి తల్లి దగ్గరికి వచ్చేసరికి బట్ట ఒరుసుకొని చెయ్యి మండి గంధం గిన్నె ఒరిగింది. ఆమె పట్టుకోబోయి నా మణికట్టు పట్టుకుంది. రవిక చెయ్యి పైకి పోయింది. పొక్కులు బయటపడ్డాయి. ఆమె చూసింది. తను చూడడం నేను గమనించానని కూడా ఆమెకు తెలిసింది. అయిపోయింది, అంతా అయిపోయింది, ఇంత చేసి ఇక్కడ పోగొట్టాను అనుకున్నాను.

"ఎండకు మాడిన చెయ్యా అమ్మణ్ణీ?" అందామె.

నేను తల ఊపాను. పార్లర్‌లో జరిగిందంతా ఎలా చెప్పాలో తెలియక, "జీవాలను తోలుకుపోతాను" అన్నాను.

ఆమె గంధం పూయించుకోవడానికి తన చెయ్యి చాపింది. పట్టుచీర రవిక కొద్దిగా పైకి జరిగితే, మోచేతి పైన, నాకున్న గీత లాంటి గీతే ఆమెకు ఉంది. కాలవ కింద నాట్లు వేసి, కలుపు తీసి, ఎన్ని ఏళ్ల ఎండో, నల్లగా కాగి, అక్కడ ఆగింది. నా గంధం ఆ గీతకు రెండు పక్కలా అంటింది. వెన్న రాయమ్మా, గోకబాక, అని మాత్రం చెవిలో చెప్పి ముందుకు కదిలింది.

ఆ మచ్చలు వానలు పడేదాకా పోలేదు. పొక్కులు తగ్గినచోటల్లా నల్లని చుక్కలు మిగిలి, లేచిన చర్మం కింద కొత్త చర్మం పాలిపోయి, నా చేతులు చాలాకాలం మేకపిల్ల ఒంటిలా మచ్చమచ్చలుగా ఉండేవి. కాలేజీలో చున్నీ కప్పుకొనే కూర్చునేదాన్ని. అక్క పెళ్లి బాగా జరిగింది. ఆమె అత్తగారు ఇప్పటికీ నన్ను చూడగానే ముందు నా చేతుల వైపే చూస్తుంది, మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మొన్న పార్లర్‌లో ఆ అమ్మాయి పట్టీ లాగేటప్పుడల్లా నేను కళ్లు గట్టిగా మూసుకొని, తెరవగానే బట్టను తిప్పి చూపించమని అడిగాను. ఆమెకు నవ్వొచ్చింది. పట్టీ మీద వెంట్రుకలు తప్ప ఏమీ లేవు. "భయపడబాకండి అక్కా, మీ చెయ్యంతా ఒకటే కలర్. ఎండ మొహం చూసినట్టే లేదు," అంది మెచ్చుకుంటూ. నిజమే. నాయనకు చేతకాక జీవాలన్నీ అమ్మేసి చాలాకాలమైంది, దొడ్డి ఉన్నచోట ఇప్పుడు గడ్డి మొలిచింది. నేను పొద్దున చీకటి వదలకముందు బస్సెక్కి, రోజంతా ఒక ఆఫీసులో ట్యూబ్‌లైటు కింద కంప్యూటరు ముందు కూర్చొని, సందెపొద్దున మళ్లీ బస్సెక్కుతాను. చదువుకోవడానికి చేతులు ఎండలోకి చాపాల్సిన అవసరం లేదు.

ఇంటికి వచ్చాక గడియారం తీసి చూసుకున్నాను. నాయన కొనిచ్చిన ఆ గడియారమే, పట్టీ మాత్రం చాలాసార్లు మార్చాను. మణికట్టు కిందా పైనా ఒకటే రంగు. ఎక్కడ గడియారం పెట్టుకుంటానో కూడా చెప్పలేనంత ఒకటే రంగు. ఆడపిల్లలు కోరుకునేది అదే కదా, నాకెందుకో లోపల దిగులు వేసింది. రేపు నా ఒంటి మీదికి ఏదైనా వస్తే, ఏది ఏ పనో చెప్పడానికి నా చర్మం మీద ఒక్క గీత లేదు. ఉన్నా, నన్ను వసారా అంచుకు లాక్కుపోయి, బొటనవేలితో నొక్కి, ఈడ నొస్తా ఉండాదా అని అడిగే అవ్వ లేదు.